ఆరని పెట్టె

“మళ్లీ మొండికేసింది!”

అతను నేల మీద కూర్చునే అరిచాడు. కంప్యూటర్ ఆపమని నొక్కితే, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. పెట్టెలో ఫ్యాను మాత్రం నన్నెవరేం చేస్తారన్నట్టు గిర్రున తిరుగుతోంది. ఇక చేసేది లేక మీట గట్టిగా నొక్కిపట్టి, పీక నులిమినట్టు దాన్ని ఆపాడు.

“రోజూ అలా ఆపితే లోపలున్న మన పెళ్లి ఫొటోలకేం కాదు కదండీ?” అంది ఆమె, పెట్టెలోకి టార్చి పట్టుకుని.

“అయ్యేలోపు జబ్బేంటో నేను పట్టుకుంటాగా. నువ్వు లైటు కదపకు, చాలు.”

కొత్త కాపురంలో అతను తన చేతులతో బిగించిన కంప్యూటర్ అది. మంచం మీద దుప్పటి పరిచి, విడిభాగాలన్నీ పేర్చి, ఒక్కొక్కటే కూర్చాడు. మొదటిసారి తెర వెలిగినప్పుడు ఇద్దరూ గదిలో గంతులేసి, ఒకే కప్పులో టీ తాగారు. ఆమె ముక్కు మీద నల్లటి మరకుంటే అతనే తుడిచాడు. తుడవడానికి కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే.

ఆ తర్వాతి ఆదివారం దాన్ని చూడ్డానికి ఆమె అన్నయ్య వచ్చాడు. ఆయనది కంప్యూటర్ విడిభాగాల షాపు. పెట్టె చుట్టూ తిరిగాడు, తట్టాడు, పెదవి విరిచాడు.

“మందుల షాపులో మాత్రలిచ్చుకునేవాళ్లకి ఈ మదర్‌బోర్డుల గొడవెందుకు బావగారూ? ఇది ఎన్నాళ్లో నిలవదు.”

“నిలుస్తుందన్నయ్యా, ఆయన ఎంత జాగ్రత్తగా...”

“నీకేం తెలుసే? వెళ్లి మంచినీళ్లు పట్రా.”

ఆమె పట్టుకొచ్చింది. ఆ మర్నాటి నుంచే పెట్టె ఆరనని భీష్మించుకుంది. ఆ సంగతి ఆమె ఫోన్లో నోరుజారి అన్నయ్యకు చెప్పేసింది.

ఆయన నవ్వు ఫోన్లోంచి గదంతా వినిపించింది. “వచ్చే ఆదివారం అట్టపెట్టె తెస్తున్నానని చెప్పు! అప్పటికీ ఆరకపోతే దాన్ని విప్పి నా షాపులో తుక్కు కింద పడేస్తా.”

అదుగో, అప్పుడు పుట్టింది అతనికి కసి. తుక్కా? తను కంటికి రెప్పలా చూసుకుంటున్న యంత్రం తుక్కా? ఆ నవ్వును ఆ నోట్లోనే కుక్కాలి. అదీ నలుగురూ చూస్తుండగా.

ఆ వారమంతా మందుల షాపు నుంచి రావడం, చొక్కా చేతులు మడవడం, పెట్టె విప్పడం. ప్రింటర్ పీకాడు. స్పీకర్లు పీకాడు. మెమరీ చిప్పులు అటువి ఇటు మార్చాడు. పవర్ సప్లై కొత్తది తెచ్చాడు. ఏది తీసినా, ఏది పెట్టినా అదే బిగుసుకుపోవడం.

“నేనొకసారి చూడనా?” అంది ఆమె.

“ఇవి సున్నితమైన పనులు బంగారం. నువ్వు లైటు పట్టుకో.”

శనివారానికి అతని మొహం వాడిపోయింది. ఆమె పక్కన చతికిలబడి, అతని జుట్టులో చిక్కుకున్న దుమ్ము ఏరుతూ అడిగింది. “పెట్టెలో తప్పు లేకపోతే, అందులో నడిచే ప్రోగ్రాముల్లో ఉండొచ్చేమో కదండీ?”

“నీకు తెలీదులే,” అన్నాడు అలవాటుగా. కానీ ఆమె లేచి వెళ్లగానే వెతికాడు. ప్రోగ్రాముల్ని సగం ఆపి చూశాడు, మిగిలిన దాంట్లో మళ్లీ సగం ఆపి చూశాడు. చివరికి దొరికింది. ఎవరూ గుర్తుపట్టని పేరుతో చిన్న ప్రోగ్రాము. కంప్యూటర్ ఆపబోగానే నిద్రలేచి, కదలనివ్వకుండా దారికి అడ్డంగా కూర్చుంటోంది. దాన్ని పెట్టిన రోజు చూశాడు. ఆ ఆదివారమే!

“మీ అన్నయ్యే!” పళ్లు కొరికాడు. “మంచినీళ్లకి నిన్ను లోపలికి పంపి మరీ పెట్టాడు!”

“అయ్యో రామ!” అంది ఆమె, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ప్రోగ్రాము పీకేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నాడు.

ఆదివారం అన్నయ్య అట్టపెట్టెతో, భార్యతో, తన అత్తమామలతో సహా దిగాడు.

“ఆరితే?” అడిగాడు అతను అమాయకంగా.

“ఆరితే నాకు ఈ పనే రాదని నా నోటితో నేనే చెప్తా. వీడియో తీసి మన బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టుకోండి!”

“మీరే నొక్కండి మరి.”

నొక్కాడు. తెర ఆరింది. ఫ్యాను నిలిచింది. మళ్లీ ఆన్ చేసి మళ్లీ నొక్కాడు. మళ్లీ బుద్ధిగా ఆరింది. ఆయన మొహంలో రంగులు మారాయి. ఆయన భార్య నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

ఆమె ఫోన్ కెమెరా పట్టుకుంది. “చెప్పన్నయ్యా.”

“నాకు... నాకు ఈ పని రాదు.”

“వినపడలేదన్నయ్యా, ఇంకోసారి.”

మూడోసారికి గానీ ఆమెకు తృప్తి కలగలేదు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అతను ఆయన చెవిలో అన్నాడు. “ఆ ప్రోగ్రాము పెట్టింది మీరేనని నాకు తెలుసు.”

“ఏ ప్రోగ్రామండీ?” అన్నాడాయన వెర్రిమొహం వేసి, ఖాళీ అట్టపెట్టె చంకలో పెట్టుకుని.

తలుపు వేశాక అతను సోఫాలో కూలబడి పడీ పడీ నవ్వాడు. “ఎంత నటనో చూశావా! వారం రోజులు నన్ను ఏడిపించి, ఏమీ ఎరగనట్టు!”

“నటన కాదండీ. మా అన్నయ్యకి బిగించడం, విప్పడమే. ప్రోగ్రాములు రాయడం రాదు.”

అతని నవ్వు సగంలో ఆగింది. “మరి ఎవరికొచ్చు?”

ఆమె వచ్చి పక్కనే ఒదిగి కూర్చుని, అతని భుజం మీద హాయిగా తల వాల్చింది.

“నాకు.”