గడువు దాటిన కాగితాలు

ముసలాయన బస్సు దిగి, ఇసుకలో నడుచుకుంటూ పేటలోకి వచ్చాడు.

2004, మే నెల.

తవిటమ్మ గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది.

"కాస్త మంచినీళ్లిస్తావా అమ్మా?"

"కూకోండి బాబూ, తెత్తాను."

ఆమె మొగుడు పైడయ్య పడవ దగ్గర్నుంచి వస్తూ ఆయన్ని చూశాడు. ఆగిపోయాడు.

"ఒలే, నీళ్లు తేకు."

"ఏటి? ఎండనపడి వచ్చిన మనిషి."

"ఎవుడో తెలుసా? హైకోర్టులో మన మీద వాదించిన వకీలు. పేట లేపీమన్నోడు."

తవిటమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

"భీమశంకరరావు గారు కదా తమరు?" అన్నాడు పైడయ్య.

"అవును."

"మా ఇళ్లు ఉన్నాయో పోయాయో సూద్దారని వచ్చారేటి?"

"అవును. చూద్దామనే వచ్చాను."

"సూసీసారు గదా. ఎల్లండి."

ఆయన ఇళ్ల వరసని చివరిదాకా చూశాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"సెంబుడు నీళ్లకి ఏటైపోద్ది?" అంది తవిటమ్మ.

"ఆ రోజు కోర్టులో నువ్వు నేవు. నాను సూసినాను."

పైడయ్య చెప్పే ఆ రోజు 1996లోది.

ఆ ఏడు ప్రభుత్వం పేట ఉన్న తీరాన్ని ఒక కంపెనీకి ఇచ్చింది. గోదాములు కడతారట. ఇళ్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. పేటవాళ్లు హైదరాబాదు వెళ్లి హైకోర్టులో రిట్ వేశారు. వాళ్ల వకీలు గంగాధరరావు. కంపెనీ వకీలు భీమశంకరరావు.

వాదనలు అయిపోయాయి. ఇంకా చెప్పాల్సింది ఉంటే వారంలోగా రాసి ఇవ్వమని జడ్జిగారు రెండు పక్షాలకీ గడువు పెట్టారు.

గంగాధరరావు ఎస్‌టీడీ బూత్‌కి ఫోన్ చేసి పైడయ్యని పిలిపించాడు.

"బతుకుదెరువు తీసేస్తే జీవించే హక్కు తీసేసినట్టే అని రాస్తున్నాను. మీరు తాతల నాటి నుంచీ అక్కడే బతుకుతున్నారని రుజువు కావాలి. ఏముంటే అది పట్టుకురా."

పేటంతా ట్రంకుపెట్టెలు తెరిచింది. పన్ను రసీదులు, పడవల లైసెన్సులు, పెళ్లి ఫోటోలు. పైడయ్య అన్నీ గుడ్డలో మూటగట్టి సాయంత్రం రైలెక్కాడు.

తుఫానుకి తుని దాటాక పట్టాలు కొట్టుకుపోయాయి. రైలు ఆగిపోయింది. ఉల్లిపాయల లారీ ఒకటి, బొగ్గు లారీ ఒకటి పట్టుకుని వెళ్లాడు. హైదరాబాదు చేరేసరికి గడువు దాటింది.

గంగాధరరావు రాసినదానికి ఆ రుజువులు జతచేసి, కట్ట పట్టుకుని కోర్టులో నిలబడ్డాడు. పైడయ్య వెనక బల్ల మీద కూర్చున్నాడు. అంతా ఇంగ్లీషు.

గంగాధరరావు ఏదో చెప్పాడు. జడ్జిగారు కేలెండరు చూసి ఏదో అన్నారు. గంగాధరరావు మళ్లీ ఏదో చెప్పాడు.

భీమశంకరరావు తన నకలు తీసుకుని పేజీలు తిప్పాడు. ఫోటోల దగ్గర ఆగాడు.

జడ్జిగారు ఆయన్ని ఏదో అడిగారు.

భీమశంకరరావు సగం లేచి, తల అడ్డంగా ఊపి, కూర్చున్నాడు.

బెంచి గుమాస్తా వచ్చి గంగాధరరావు చేతిలోంచి కట్ట తీసుకున్నాడు.

ఆ సాయంత్రం పైడయ్య పేటకి ఫోన్ చేశాడు.

"మన కాయితాలు తీసుకోవద్దని ఆ వకీలు తలూపినాడు. జడ్జీగారు ఆడి మాట యిన్నేదు. తీసుకున్నారు."

కేసు గెలిచారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఆ తలూపడం పేటలో మిగిలిపోయింది. పిల్లలు అన్నం వద్దంటే తల్లులు "వకీలులాగ తలూపకు, తిను" అనేవారు. రాత్రిళ్లు పడవల మధ్య కూర్చున్నప్పుడు పైడయ్య ఆయనలా సగం లేచి, తలూపి, కూర్చునేవాడు. అడిగి మరీ మళ్లీ చేయించుకునేవారు.

2005 శ్రావణంలో పైడయ్య కూతురు ఈశ్వరి పెళ్లి. లాయరు చంద్రిక వచ్చింది. కేసు నడిచినప్పుడు ఆమె గంగాధరరావు దగ్గర జూనియరు. ఇప్పుడు దగ్గరి పట్నంలోనే, ద్వారకా నగర్‌లో సొంత ఆఫీసు.

భోజనాలయ్యాక పైడయ్య, తవిటమ్మ ఆమె దగ్గర కూర్చున్నారు. పాత రోజుల మాటలు నడిచాయి. గంగాధరరావు దగ్గు. ఉల్లిపాయల లారీ. మూట విప్పితే కోర్టు కాగితాలన్నీ ఉల్లివాసన వేసిన సంగతి.

"భీమశంకరరావు గారు పోయారు, తెలుసా? పోయిన నెల," అంది చంద్రిక.

"ఆ వకీలా?" పైడయ్య సగం లేచి, తల అడ్డంగా ఊపి, కూర్చున్నాడు.

తవిటమ్మ నవ్వింది. చంద్రిక నవ్వలేదు.

"పైడయ్య గారూ, ఆ రోజు ఏం జరిగిందో మా సీనియర్ గారు మీకు చెప్పలేదా?"

"సెప్పడానికేటుందమ్మా? కళ్లారా సూసినాను గదా."

"గడువు దాటినవి తీసుకుంటే, జవాబివ్వడానికి అవతలివాళ్లకి టైమివ్వాలి. జడ్జిగారు ఆ వారమే రిటైరవుతున్నారు. ఇవ్వడానికి టైం లేదు. అందుకని మొదట కుదరదన్నారు."

"మరి తీసుకున్నారు గదా?"

"అవతలి వకీలు ఒప్పుకుంటే తీసుకోవచ్చు."

పైడయ్య కొంచెం ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఆయన మన ఫోటోలు చూస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత ఆ కంపెనీ ఆయనకి ఇంకో కేసు ఇవ్వలేదు."

"తలడ్డంగా ఊపినాడు గదమ్మా." పైడయ్య గొంతు తగ్గింది. "జడ్జీగారు ఏటడిగారు?"

తవిటమ్మ నవ్వు ఆపి చంద్రిక వైపు చూసింది.

"'ఇవి తీసుకుంటే మీకేమైనా అభ్యంతరమా?' అని అడిగారు," అంది చంద్రిక.