వంకర అంకెలు

వాండా మొగుడు బ్రూనోకు, పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయినా భార్య పుట్టినరోజు మేలోనో జూన్‌లోనో తేలలేదు గానీ, ఏ ఇంజను మీద ఏ నంబరు ఎక్కడుండాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అలాంటి మనిషికి వండిపెట్టడమే కాక, గిన్నెలు కడిగే మెషీన్ కూడా అప్పగించాల్సి వచ్చింది వాండాకు. పాత కారు కార్బురేటర్ అందులో కడిగితేనే తళతళలాడుతుందట. ఆరోజు నుంచి ఆ ఇంట్లో సూపుకు పెట్రోలు వాసన.

ఊరికే అనకూడదు, కారు మంచిదే. పంతొమ్మిది వందల డెబ్భైలో బ్రూనో తండ్రి కొత్తగా కొనుక్కున్నది, పెద్ద ఇంజనుతో దూసుకుపోయే మజిల్ కారు. ఉద్యోగం ఊడినప్పుడు ఆయన అందులోంచి ఇంజను ఊడదీసి ఎవరో కారు పందేలవాడికి అమ్మేశాడు. డొల్ల గరాజులో మిగిలింది. పోయేదాకా ఆ డొల్ల వైపు చూడలేదు పెద్దాయన.

"ఆ ఇంజనే తెచ్చి మళ్ళీ ఇందులో పెడతాను," అని తండ్రి సమాధి దగ్గర మాటిచ్చాడు బ్రూనో.

తొమ్మిదేళ్ళు వెతికాడు. చివరికి పక్క రాష్ట్రంలో, టొలీడో ఊరి అవతల ఒక కొట్టాంలో దొరికింది.

ఇంజను ముందువైపు అగ్గిపెట్టెంత నున్నటి చోట, ఫ్యాక్టరీలో సుత్తితో కొట్టిన అంకెలుంటాయి. అవి కారు నంబరుతో సరిపోయాయి. బ్రూనో వాండా భుజం మీద తలపెట్టి ఏడ్చేశాడు.

ఆ ఏడుపు రెండు రోజులే.

చివరి మూడంకెలు పక్కకు ఒరిగి ఉన్నాయి. నాలుగు అంకె ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడింది.

"ఇది ధర కోసం ఎవడో దొంగ కొట్టిన నంబరు," అని తేల్చేశారు పాత కార్ల క్లబ్బు మిత్రులు. "ప్రదర్శనలో జడ్జీలు నవ్విపోతారు బ్రూనో."

"అయితే నున్నగా అరగదీయించి, తిన్నగా మళ్ళీ కొట్టేస్తా," అన్నాడు బ్రూనో.

"అది అసలుదైతేనో?" అంది వాండా.

"అసలుదో కాదో తర్వాత. ముందు అసలుదానిలా కనబడాలి!"

వాళ్ళుండే కార్ల ఫ్యాక్టరీల ఊరు హామ్‌ట్రామిక్‌లో గరాజు తలుపులు వెనక సందులోకి తెరుచుకుంటాయి. ఆ సందులోనే రోజూ పొద్దున ఒక ముసలాయన నడకకు వచ్చేవాడు. గళ్ళ టోపీ, తెల్ల గడ్డం. యెమెన్ మనిషి. ఆరోజు తెరిచి ఉన్న గరాజు ముందు ఆగాడు. పిలవకుండానే లోపలికి వచ్చి, కళ్ళద్దాలు పైకి తోసి, అంకెల మీద బొటనవేలు పెట్టి మెల్లగా తడిమాడు.

"ఇది అసలుదే బాబూ. చెరపకు."

"వంకరగా ఉంది కనబడటం లేదా పెద్దాయనా?"

"వంకరగా ఉంది గనకే అసలుది. తిన్నగా కొట్టడానికి దొంగకు బోలెడంత తీరిక. ఫ్యాక్టరీలో ఎక్కడిది? ఒక ఇంజను పోకముందే ఇంకోటి వచ్చి ముక్కు మీదుంటుంది. నాకెలా తెలుసంటే..."

"నాకు తెలుసులే! మీ దేశంలో ఒంటెలకు కూడా నంబర్లు కొడతారు కదూ?"

క్లబ్బు మిత్రులు గొల్లుమన్నారు. కాఫీ తెచ్చిన వాండా పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"మా ఊళ్ళో ఒంటెలు లేవు," అన్నాడు ముసలాయన నింపాదిగా. "కొండలూ, కాఫీ తోటలూ."

బ్రూనో గరాజు తలుపు దించేశాడు.

మర్నాడు ఆయన ముందు గుమ్మానికి వచ్చాడు. బ్రూనో లేనని చెప్పమన్నట్టు చెయ్యి ఊపి గరాజులోకి జారుకున్నాడు.

"ఇంట్లో లేరండీ," అంది వాండా.

గరాజులోంచి సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి.

"పరవాలేదమ్మా. చెరపొద్దని నేను చెప్పానని చెప్పు, చాలు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వాండా చెప్పింది. ఆయన యాసలోనే, టోపీ సర్దుకున్నట్టు చెయ్యి ఆడించి మరీ చెప్పింది. మొగుడూ పెళ్ళాం పడీ పడీ నవ్వుకున్నారు.

ఆ వారమే ఇంజనును మెషీన్ షాపుకు తీసుకెళ్ళి అంకెలు అరగదీయించారు. బ్రూనో స్కేలు పెట్టి, ఊపిరి బిగబట్టి, అవే అంకెలు బారులు తీరిన సైనికుల్లా కొట్టాడు. మిత్రులు చప్పట్లు కొట్టారు.

నెల తిరిగాక ఒక ఆదివారం గరాజు ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడ్డారు. ఒకామెకు నలభై ఐదుంటాయి. ఆమె చెయ్యి పట్టుకుని నల్ల ముసుగులో ఒక ముసలమ్మ.

"నేను బుష్రాని. వెనక వీధి. మా నాన్న ముక్బిల్ శుక్రవారం పోయారు. గళ్ళ టోపీ పెట్టుకుని ఇటే నడిచేవారు."

ఆయనకొక పేరుంటుందని వాండాకు అప్పటిదాకా తోచనే లేదు.

"అయ్యో," అంది.

"మా అమ్మకు ఒక్కసారి ఆ ఇంజను చూపిస్తారా? ఫ్యాక్టరీలో నాన్న పని అదే, ఇంజన్లకు నంబర్లు కొట్టడం. పంతొమ్మిదేళ్ళు కొట్టారు. ఎడమచేతి వాటం, చివరి అంకెలు ఒరిగిపోయేవని ఫోర్‌మన్ రోజూ తిట్టేవాడట. మీ గరాజులో తన చేతిరాత కనబడిందని ఆరోజు రొట్టె కూడా ముట్టలేదు. ఒకటే సంబరం."



ముసలమ్మ ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. ఇంజను దగ్గరికి వెళ్ళి వంగి, అంకెల మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి తడిమింది. కూతురి వైపు తిరిగి తమ భాషలో ఏదో అంది.

"నాన్న ఇంత తిన్నగా ఎప్పుడు కొట్టారని అడుగుతోంది అమ్మ," అంది బుష్రా.

"ప్రదర్శన రూలు పుస్తకం ప్రకారం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు బ్రూనో.



"తప్పు చేశానమ్మా," అన్నాడతను ముసలమ్మతో. "ఇవి మీ ఆయన కొట్టినవి కావు. మా నాన్న ఇంజను మీద మీ ఆయన కొట్టిన అంకెల్ని, చెరపొద్దని ఆయన రెండుసార్లు వచ్చి చెప్పినా, నేనే చెరిపేశాను."