దొంగకు కృతజ్ఞతలు

“దొంగకి కృతజ్ఞతలు చెప్పే వంశచరిత్ర ఎక్కడైనా ఉందా నాన్నా?”

తాతయ్యని నిలదీస్తూ పెదనాన్న ఆఖరి పేజీని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ముప్పై ఏళ్ళుగా బళ్ళో పనిచేస్తున్న హెడ్మాస్టరు. నచ్చని కాగితాన్ని బోర్లా పెట్టాడంటే ఇక దాని సంగతి అంతే.

కంప్యూటరు ముందు కూర్చున్న మనవరాలు గడియారం వైపు చూసింది. మూడుంబావు. నాలుగింటికల్లా పుస్తకం ప్రెస్సుకి పంపకపోతే ఆదివారానికి అందదు. ఆదివారం చుట్టాలూ పక్కాలూ అంతా కలిసి అరవైమంది వస్తున్నారు, అందరికీ తలా ఒక పుస్తకం ఇవ్వాలి. మూడు తరాల సంగతులు ఏడాదిపాటు కూర్చుని టైపు చేసిందామె. అందులో సగం ఎనభై నాలుగేళ్ళ తాతయ్య కథే.

ఆ తాతయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ ఒక్క వాక్యం తీసేస్తే తన కథంతా తీసేయమన్నాడు.

“నీ కథ తీసేస్తే ఇంకేం మిగులుతుంది తాతయ్యా? అట్టలు,” అంది మనవరాలు.

“అట్టలు బాగానే వచ్చాయిగా. పంచిపెట్టండి.”

గొడవంతా ఒక్క వాక్యం గురించి. ‘నా పనిముట్ల సంచి ఎత్తుకెళ్ళిన దొంగకు, ఈ ఇంట్లో పుట్టినవాళ్ళందరి తరఫునా కృతజ్ఞతలు.’

ఆ సంచి సంగతి ఇంట్లో పసిపిల్లలకి కూడా కంఠతా. తాతయ్య కుట్టుమిషన్ల మెకానిక్కు. ఊరూరా తిరిగి మిషన్లు బాగుచేసే రోజుల్లో ఒక బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. నలభై మిషన్లు, మూడు రోజుల పని. మూడో రోజు పని ముగించుకుని సాయంత్రం రైలుకి బయల్దేరబోతే సంచి లేదు. ఆ పనిలో ఒకరి స్క్రూడ్రైవరు ఇంకొకరి చేతికి పనికిరాదు. ఏ మిషనుకి ఏ మొన కావాలో చూసుకుని, ఎవరిది వాళ్ళే ఆకురాయితో అరగదీసుకోవాలి. సరంజామా మళ్ళీ అమరేసరికి నాలుగు నెలలు పట్టింది. యజమాని దయతలచి అన్నాళ్ళూ అక్కడే పనిచ్చాడు. ఈలోగా అదే ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే అమ్మాయితో మాటామాటా కలిసింది, పెళ్ళయింది. ఆ అమ్మాయే నానమ్మ.

యజమానికి కృతజ్ఞతలు చెప్పారు, కాదనలేదు, దొంగకెందుకన్నది పెదనాన్న వాదన. “నా దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా ఈ పుస్తకం చూస్తారు నాన్నా. రేపు ఎవడో పక్కవాడి పెన్ను కొట్టేసి, మీ నాన్నగారు దొంగకి దండం పెట్టారు కదా సార్ అంటే నేనేం చెప్పాలి?”

“పెన్ను పోయినవాడికి పెళ్ళి కుదిరిందేమో కనుక్కో,” అన్నాడు తాతయ్య.

మనవరాలు నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది. పెదనాన్న కాస్త దిగొచ్చి, పోనీ ‘గుర్తు తెలియని ఒక వ్యక్తికి’ అని రాద్దామన్నాడు. తాతయ్య దానికీ ఒప్పుకోలేదు. తన పుస్తకంలో అబద్ధాలు వద్దన్నాడు. అయితే ఆదివారం తను రానని పెదనాన్న లేచి నిలబడ్డాడు. రాకపోతే కుర్చీ కలిసొస్తుందన్నాడు తాతయ్య. మనవరాలు మళ్ళీ గడియారం చూసింది. మూడున్నర దాటింది.

కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్న నానమ్మ అప్పుడు నోరు విప్పింది.

“‘దొంగకు’ అన్నచోట ‘నా భార్యకు’ అని మార్చమ్మా. వాడి పరువూ దక్కుతుంది, ఈయన పంతమూ నెగ్గుతుంది.”

వేళాకోళమనుకున్నారంతా. కానీ నానమ్మ చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగిపోయి ఉంది. మనవరాలు కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది.

నానమ్మ తలెత్తకుండానే మొత్తం చెప్పింది. ఫ్యాక్టరీలో ఎంతోమంది మెకానిక్కులని చూసిందట. దారం తెగితే నీ చెయ్యి మంచిది కాదని ఆమెనే అనేవారు. మిషను ముందు ఓపిగ్గా కూర్చుని, తప్పు నీది కాదు, మిషనుది అన్నవాడు ఈయనొక్కడే. అలాంటి మనిషి సాయంత్రం రైలెక్కేస్తున్నాడు.

“ఒక్క రోజు ఆపుదామనుకున్నాను,” అంది. “సంచి తీసుకెళ్ళి గుడ్డపీలికల గోతంలో దాచాను. రైలు వెళ్ళిపోయాక ఇచ్చేద్దామనుకుంటే, అరగంటలో పీలికలవాళ్ళ లారీ వచ్చి గోతాలన్నీ ఎత్తుకుపోయింది. అప్పుడు చెబితే ఉద్యోగం పోయేది. పెళ్ళయ్యాక చెబితే వదిలేస్తారేమోనని భయం. ఆ తర్వాత పిల్లలు. చెప్పడానికి తీరికేదీ?”

పెదనాన్న నోరెళ్ళబెట్టి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన ఇంతకాలం తిట్టిన దొంగ కన్నతల్లే.

“ఆకురాయి పట్టుకుని మీ వేళ్ళు ఒరుసుకుపోతుంటే నాకు అన్నం సహించేది కాదండీ,” అంది నానమ్మ, ఈసారి తాతయ్యతో. “యాభై ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను. ఎన్ని మాటలైనా అనండి, పడతాను.”

తాతయ్య మెల్లగా లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిలోని తువ్వాలు తీసుకుని మిగతా సగం మడత పెట్టాడు.

“మొదటిసారి సంచి ఎత్తి చూసి, బరువు మోయలేక వదిలేసి వెళ్ళావుగా,” అన్నాడు. “అందుకే సుత్తులు రెండూ తీసి చొక్కా కింద దాచుకుని, మంచినీళ్ళ వంకతో ఇంకోసారి బయటికెళ్ళాను.”