చంద్రరావు గారికి కనబడిన గుర్తు

ఆరూ పదికి చంద్రరావు గారు ఏటి వైపు చూశారు. కీర్తిప్రియ నోటుబుక్కులో రాసుకుంది. ఆరున్నరకి ఆకాశం వైపు చూశారు. అదీ రాసుకుంది. ఆరూ ముప్పై అయిదుకి వీపు గోక్కున్నారు. రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, ఎందుకైనా మంచిదని అదీ రాసేసింది.

గోదావరి నడుమ ఉన్న నడిలంకకి వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. ఆమెది జంగారెడ్డిగూడెం. రాజమండ్రిలో పీజీ చదువుతోంది. ఏం చదువని చంద్రరావు గారి భార్య మాణిక్యాంబ మొదటిరోజే అడిగింది. పర్యావరణంలో వచ్చే ముప్పులు, వాటిని మనుషులు తట్టుకుని నిలబడే తీరు, సుస్థిరత అని కీర్తిప్రియ ఒక్క ఊపిరిలో చెప్పింది.

"అదంతా ఒక్క చదువేనామ్మా?" అంది మాణిక్యాంబ, బియ్యం చెరగడం ఆపకుండా.

ఆ చదువు చివర ఒక పుస్తకం రాసివ్వాలి. అందుకే నిరుడు ఆగస్టులో పది రోజులుందామని ఈ లంకకే వచ్చింది. నాలుగో రోజునే గైడు ఉదయభాస్కర్ గారు ఫోన్ చేసి ఉన్నపళంగా వచ్చేయమన్నారు. ఎందుకో చెప్పే తీరిక కూడా ఆయనకి లేదు. పొద్దుటి పంటు పడవెక్కి ఏరు దాటి వెళ్ళిపోయింది. తర్వాత జరిగింది రాజమండ్రి వెళ్ళాక తెలిసింది. ఆ మధ్యాహ్నమే చంద్రరావు గారు తన గేదెల్ని పంటెక్కించి ఏటిగట్టుకి చేర్చేశారట. ఆయన వెనకే లంకంతా కదిలిందట. మైకులో వరద హెచ్చరిక వచ్చింది సాయంత్రానికి. తెల్లారేసరికి ఇళ్ళల్లో నడుంలోతు నీళ్ళు. ఒక్క గేదె పోలేదు, ఒక్క కోడి పోలేదు.

మైకు కంటే ముందే ఆయనకి తెలిసిందంటే ఏదో గుర్తు ఉండే ఉంటుంది, చీమలో పిట్టలో నీటి రంగో, అది పట్టుకొస్తే అదే నీ పుస్తకం అన్నారు ఉదయభాస్కర్ గారు. అది దొరక్కపోతే నెలాఖరుకి ఇవ్వడానికి ఏమీ లేదు. మళ్ళీ ఏడాది ఆగాలి.

లంకలో అందరినీ అడిగింది. చంద్రరావు గారు కదిలారు, మేమూ కదిలామన్నారు అందరూ. మైకు మాటేమిటంటే నవ్వారు. మైకు మాట విని నాలుగుసార్లు గొడ్డూ గోదా గట్టెక్కించారట, నాలుగుసార్లూ చుక్క నీరు రాలేదట. అప్పట్నించి మైకుని ఎవరూ లెక్కచేయడం లేదు.

చంద్రరావు గారినే అడిగితే, "చూస్తామండి" అన్నారు. ఏం చూస్తారో చెప్పరు. మాట నేలరాలితే ఏరుకోవాల్సి వస్తుందన్నంత జాగ్రత్త ఆయనకి. నిరుటికి ముందటేడు వరదకి ఆయన దూడ కొట్టుకుపోయిందని మాణిక్యాంబ ఒకసారి నోరుజారింది. ఆ ఏడు గుర్తు ఎందుకు కనబడలేదో కీర్తిప్రియకి అంతుబట్టలేదు. ఆ పేజీలో ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

మర్యాదలకి మాత్రం లోటు లేదు. ఉన్న రెండు గదుల్లో ఒకటి ఆమెకే ఇచ్చారు. మాణిక్యాంబ ఎండురొయ్యల కూర కొసరి కొసరి వడ్డించేది. పొద్దున్నే చంద్రరావు గారే టీ గ్లాసు తెచ్చి, "ఈ పూట ఉంటారా అండి?" అని అడిగేవారు. ఉంటానంటే ఆయన మొహం తేటపడేది. పక్కింటి నాగదుర్గ కూడా గోడ మీంచి తొంగిచూసి అదే ప్రశ్న వేసేది. ఇంత ఆప్యాయత మా ఊళ్ళో కూడా చూడలేదని కీర్తిప్రియ ఉదయభాస్కర్ గారికి మెసేజ్ పెట్టింది.

పదో రోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. భద్రాచలం దగ్గర నీరు గంటగంటకీ పెరుగుతోందట, రేపటికల్లా లంక మీదికొస్తుందట, మొదటి పంటెక్కేయమన్నారు. ఒక్కరోజు ఉండనివ్వండి, గుర్తు కనబడితే ఇవాళే కనబడాలి అని బతిమాలింది. కుదరదన్నారు.

పెరట్లో తీగ మీది బట్టల్ని తడిగానే లాక్కొచ్చి సంచిలో కుక్కింది. తర్వాత మంచం మీద కూలబడింది. వరదొస్తోందని చెప్పేస్తే ఇక ఆయన గుర్తేమిటో ఎప్పటికీ తేలదు. చెప్పకుండా వెళ్ళిపోతే ఈసారి ఎన్ని దూడలు పోతాయో. పావుగంట అలాగే కూర్చుంది. చివరికి పుస్తకం పోతే పోయిందనుకుని, సంచి భుజాన వేసుకుని చెప్పడానికి బయటికొచ్చింది.

పశువుల పాక ఖాళీగా ఉంది. గేదెలు అప్పటికే రేవు దారి పట్టాయి. వాటి వెనక బియ్యం మూటతో మాణిక్యాంబ, కోళ్ళగంపతో నాగదుర్గ, ఆ వెనక వీధి వీధంతా. ఏరు చూస్తే నిన్నటిలాగే ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మైకు కూయలేదు.

కీర్తిప్రియ పరుగెత్తి చంద్రరావు గారిని అందుకుంది.

"తాతగారూ, మీకు తెలిసిపోయిందా?"

"తెలిసిందండి."

"గుర్తు కనబడిందా?"

"ఇందాకే పెరట్లో కనబడిందండి."

ఆమె నోటుబుక్కు తీసింది. "పది రోజులుగా మీ పక్కనే ఉన్నానండి. నాకు ఏమీ కనబడలేదు."

"మీకు కనబడదండి."

"నిరుడు కూడా ఇదే గుర్తా?"

"ఇదేనండి."

"ఇంతకీ దేన్ని చూశారు తాతగారూ?"

చంద్రరావు గారు ముందున్న గేదె వీపు మీద చరిచి, పది రోజుల్లో మొదటిసారి నవ్వారు.

"మిమ్మల్నేనండి."