వంగపండు రంగు మచ్చ

“ఈ స్పీకరు పెట్టెని టీవీకి ఆనించి పెట్టిందెవరండీ?” అన్నాడు మెకానిక్.

డ్రాయింగు మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ టీవీ పక్కనే పేము కుర్చీలో కూర్చుని, ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది.

“ఇదిగో, నిన్నే!”

ఆవిడ తలెత్తింది. పెట్టె మీద ఉన్న మెకానిక్ చేతిని చూసి, “నేనే జరిపాను. అలమర మీద దుమ్ము పడుతోందని,” అంది.

“అదీ సంగతి! దీంట్లో అయస్కాంతం ఉంటుంది మాస్టారూ. పాత టీవీలకి అది పడదు. దగ్గర పెడితే రంగులు చెడిపోతాయి. పిక్చర్ ట్యూబు బాగానే ఉంది, కంగారు పడకండి.”

మాస్టారు కంగారు పడలేదు గానీ ఆయనకి ఒళ్ళు మండింది. కొన్నాళ్ళుగా వార్తలు చదివే అమ్మాయి బుగ్గ మీద ఇంత వంగపండు రంగు మచ్చ, దాని చుట్టూ ఆకుపచ్చ అంచు. బడి పిల్లలందరికీ రంగులు కలపడం నేర్పే మనిషి ఇంట్లో ఆ అవతారం! చూడలేక ఆయన టీవీ ముందు కూర్చోవడమే మానేశారు. తీరా చూస్తే చేసింది ఇంట్లో మనిషే.

“టీవీ దగ్గర ఏమైనా కదిపావా అని చిలక్కి చెప్పినట్టు అడిగానా లేదా?”

ఆవిడ గుండీకి ముడేసి దారం తెంపింది.

“నా మాటంటే లెక్కలేదు. ఈమధ్య నీతో మాట్లాడటం, గోడతో మాట్లాడటం ఒకటే. మీ అక్కయ్యకైతే చెవుడు. నీకేం రోగం?” అని మాస్టారు మెకానిక్ వైపు తిరిగారు. “మా వదినగారని ఒకావిడ ఉందిలే, ఉత్త చెవిటి మాలోకం.” అంతటితో ఆగితే బాగుండేది. అరచెయ్యి డొప్పలా చెవికి పెట్టి, నోరు తెరిచి, కళ్ళు చిట్లించి వదినగారిని అచ్చు దింపేశారు. చుట్టాల్లో ఆ అభినయానికి మంచి పేరుంది. మెకానిక్ కూడా నవ్వాడు. ఆవిడ మాత్రం కుట్టేసిన గుండీనే మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

మెకానిక్ టీవీ వెనక మూత విప్పి, అడ్డొచ్చిన వైర్లు తప్పించి, బ్రష్షుతో దుమ్మంతా దులిపి మూత బిగించాడు. తర్వాత సంచీలోంచి పెద్ద గాజులా చుట్టిన తీగ తీసి, దానికి కరెంటు ఇచ్చి, తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచాడు. రంగులు చూడ్డానికి మాటలెందుకని మాస్టారు ముందే శబ్దం మొత్తం తగ్గించేశారు. తెర మీద రంగులన్నీ ఒకసారి సుళ్ళు తిరిగి సర్దుకున్నాయి. మచ్చ మాయమైంది.

“ఇక ఈ పెట్టెని దూరంగా పెట్టండి, అంతే.”

మాస్టారు పెట్టె వైరుని టీవీలోంచి పీకేసి, స్టూలెక్కి దాన్ని అటక మీదికి తోసేశారు. ఆవిడ కంగారుగా లేచొచ్చింది.

“అది ఇక్కడే ఉండనివ్వండి. మచ్చ ఉంటే ఉండనీ. నాకేం ఇబ్బంది లేదు.”

“నీకుండదు. రంగుల విలువ నీకేం తెలుసు!” అంటూ మాస్టారు టీవీ కట్టేసి, ఆ చొక్కానే తొడుక్కుని బడికి వెళ్ళిపోయారు.

రెండుసార్లు కుట్టిన ఆ గుండీ ఎంత బిగుసుకుపోయిందంటే కాజాలోంచి దూరడమే గగనమైంది. పాఠం చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు దాని మీదికే పోయాయి. బయటి మనిషి ముందు అనకూడని మాట అన్నాను అనుకున్నారు. తనకి ఈ ఇంట్లో ఉన్న కాలక్షేపం సాయంత్రం వచ్చే సీరియలొక్కటే, దానికీ నా సాధింపేనా అనుకున్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పక్కింటి టీవీలో సీరియల్ ఏడుపు వీధంతా వినిపిస్తోంది. వీళ్ళింట్లో తెర మీద కూడా అదే ఏడుపు. ఆవిడ పేము కుర్చీని టీవీకి ఇంకాస్త దగ్గరగా లాక్కుని, వీధి గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. దారి పొడవునా మనసులో కూడబలుక్కున్న మాట ముఖం చూస్తే బయటికి రాదని ఆయన భయం.

“పొద్దున నేనన్నది తప్పే. మనసులో పెట్టుకోకు.”

పెళ్ళయ్యాక ఆయన నోట తప్పన్న మాట రావడం అదే మొదలు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

“తప్పే అంటున్నానుగా,” అన్నారు ఇంకోసారి.

ఊహూఁ. కోపం పోలేదనుకున్నారు. అంత కోపం రావాల్సిందే లెమ్మనుకుని, గొడుగు మేకుకి తగిలించి లోపలికి నడిచారు. ఆయన ఎదురుగా వచ్చేసరికి ఆవిడ ఉలిక్కిపడి లేచి టీవీ కట్టేసింది.

“ఎలా ఉంది టీవీ?”

ఆవిడ ఆయన ముఖంలోకే చూస్తూ, “చాలా బాగుంది. మచ్చే లేదు,” అంది.

“ఆ పెట్టె లేకపోయినా వినపడుతోందిగా?”

“శుభ్రంగా వినపడుతోంది,” అని నవ్వింది.

మాస్టారి గుండెల మీంచి బరువు దిగింది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ తలుపు తట్టాడు. చేతిలో స్క్రూడ్రైవరు, ముఖం నిండా సిగ్గు.

“ఏమనుకోకండి మాస్టారూ. నిన్న మూత బిగించే తొందరలో లోపల స్పీకరు వైరు తగిలించడం మర్చిపోయాను. రాత్రి అన్నం దగ్గర గుర్తొచ్చింది. నిన్నట్నుంచీ మీ టీవీకి గొంతే లేదు. అమ్మగారు చెప్పలేదా?”

మాస్టారు వంటింటి వైపు చూశారు. ఆవిడ అటు తిరిగి పాలు కాస్తోంది.

మెకానిక్ టీవీ వెనక చేరి మూత విప్పాడు. “తగిలిస్తున్నానండీ. నిన్న మీరు తగ్గించేశారుగా, వాల్యూమ్ కాస్త పెంచండి, చూద్దాం.”

మాస్టారు నాబు పట్టుకుని తిప్పబోయారు. అది కదల్లేదు. అప్పటికే ఎవరో దాన్ని చివరిదాకా తిప్పేసి ఉన్నారు.