గోడకవతలి కూత

ఎనిమిది పిట్టలతో మొదలుపెట్టిన లెక్క ఇంకో ఇరవై ఒక్క రోజుల్లో తేలిపోతుంది. అందుకే అన్న తెల్లారకముందే పరీక్ష గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తమ్ముడు గింజల డబ్బా పట్టుకుని రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూత తియ్యి."

"గింజలే అన్నయ్యా."

"నువ్వంటే సరా? తియ్యి."

అన్న గింజల్లో వేళ్లు పెట్టి అడుగుదాకా కెలికాడు. ఏదో మెత్తగా తగిలింది.

"ఈ దూదెందుకు?"

"డబ్బా గలగలమంటే పిట్టలు బెదురుతాయి. నాన్న నేర్పిందేగా, మరిచిపోయావా?"

అన్న దారి ఇచ్చాడు. నాన్న చాలానే నేర్పాడు. 'వచ్చే సరుకు గుమ్మం దగ్గరే చూసుకోవాలి, లోపలికొచ్చాక ఏడ్చి లాభం లేదు' అన్న మాటొక్కటే అన్నకు బాగా ఒంటబట్టింది.

నాన్న పోయాక పిట్టల కొట్టు రెండుగా చీలింది. అన్నకు ఎనిమిది పిట్టలు, తమ్ముడికి ఎనిమిది, మధ్యలో గోడ. గోడ లేస్తున్న రోజున తమ్ముడు, "ఎంత గోడ కట్టినా ఇవి ఒక గూటి పక్షులే అన్నయ్యా" అన్నాడు. ఆ మాట పట్టుకుని అన్న ఇరవై ఎనిమిదేళ్లు అతన్ని పలకరించలేదు.

అన్న కొట్టు పక్కనే రేకులు కొట్టే షెడ్డు. ఆ మోతలో వినబడాలంటే పిట్ట పొట్టిగా, కీచుగా కూయాలి. కొనేవాళ్లకూ ఆ కూతే నచ్చింది. అలా బాగా కూసేవాటినే అన్న పిల్లలు తీయడానికి నిలుపుకుని మిగతావి అమ్మేస్తూ వచ్చాడు. తరాలు గడిచేసరికి అతని పిట్టలు చిన్నవై, రొమ్ము పసుపుకు తిరిగింది. గోడకవతల తమ్ముడి పిట్టలు మాత్రం అదే బూడిద రంగులో, తీరిగ్గా దీర్ఘాలు తీస్తూ ఉండిపోయాయి.

ఈ తేడా సంగతి తెలిసి వచ్చిన పరిశోధనశాల మేడమ్ గోడకు రెండు వైపులా విని, చూసి, తేల్చి చెప్పింది.

"కూత మారితే పెట్ట పోతును గుర్తుపట్టదు. గుర్తుపట్టకపోతే జత కట్టదు. ఇక ఏ గోడా లేకపోయినా రెండూ విడిపోయినట్టే, వేర్వేరు జాతులే. మీ పెట్టల్నీ మీ తమ్ముడి పోతుల్నీ ఒకే గదిలో పెడదాం. ఇరవై ఒక్క రోజుల్లో గూట్లో ఒక్క గుడ్డు కూడా పడకపోతే కొత్త జాతిగా రాయిస్తాను. దానికి మీ పేరే పెడతాం."

అన్నకు పిల్లల్లేరు. భార్య ఉన్నన్నాళ్లూ ఇద్దరూ ఆ మాట పైకి అనుకోలేదు. ఆమె పోయాక అనుకోవడానికి మనిషే లేదు.

"నా పేరు మోసేది ఇక ఈ పిట్టొక్కటే మేడమ్," అన్నాడు.

గోడకవతల నిచ్చెనెక్కి కప్పు సర్దుకుంటున్న తమ్ముడు ఒక్క క్షణం సుత్తి ఆపాడు.

పోతుల్ని అడగ్గానే ఇచ్చాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "నా చేతి గింజలు తప్ప ముట్టవు. పొద్దుటి మేత నేనే పెడతాను." మేడమ్ సరేనంది. ఆ మేత తర్వాత సాయంత్రం దాకా ఎవరూ లోపల అడుగు పెట్టకూడదంది.

అక్కడే అన్నకు అనుమానం పుట్టింది. వీడు ఏదో ఒక పొద్దున డబ్బాలో గుడ్డు దాచి తెచ్చి గూట్లో పెడితే? వాడి మాట గెలుస్తుంది, తన పేరు గంగలో కలుస్తుంది.

అందుకే రోజూ సోదా.

"ఏరా, ఇవాళేం తెచ్చావు?" అన్నాడు తొమ్మిదో రోజు.

"వజ్రాలు. చూసుకో."

"నీ వెటకారం నా దగ్గర కాదు."

"నీకేం కావాలో అదే జరుగుతుందిలే అన్నయ్యా. పోలీసులకైనా ఆదివారం సెలవుంటుంది, కాస్త పడుకోరాదూ?"

తమ్ముడు మేత పెట్టి, గూడు దులిపి, డబ్బాను నిండు పాలగిన్నెలా రెండు చేతులా పట్టుకుని మెల్లగా నడిచి వెళ్లాడు. 'వీడికీ మోకాళ్లు అరిగినట్టున్నాయి' అనుకున్నాడు అన్న.

సాయంత్రం గూడు చూశాడు. ఖాళీ. మర్నాడూ ఖాళీయే. ఒకసారి లోపల దీర్ఘానికి కీచు కూత బదులిచ్చినట్టనిపిస్తే, షెడ్డు మోతలో తన చెవులే మోసం చేశాయనుకున్నాడు.

ఇరవై ఒకటో రోజు మేడమ్ గూడు విప్పి పుల్ల పుల్లా చూసింది. కాగితం మీద సంతకం చేసి, అన్న పేరుతో జాతి పేరు రాసి చేతికిచ్చింది.

"చూశావురా? ఒక గూటి పక్షులన్నావు!"

"అన్నాను. తప్పు ఒప్పుకున్నాను, సరా?" తమ్ముడు నవ్వాడు.

"కూర్చో. టీ తాగి వెళ్దువుగాని."

"ఇంకోసారి అన్నయ్యా. ఇంట్లో పనుంది," అంటూ హడావిడిగా వెళ్లిపోయాడు.

అన్న కాగితాన్ని గోడకు తగిలించి లెక్క చూసుకున్నాడు. మొదట చేతిలో ఉన్నవి ఎనిమిది పిట్టలు. ఇప్పుడున్నది ఒక జాతి, దానికి తన పేరు. తమ్ముడితో మాట కలవడం కొసరు. గుమ్మం దాటి ఒక్క దొంగ సరుకూ లోపలికి రాలేదు.

గోడకవతల, గింజల డబ్బాలో దూది మీద వెళ్లిన మూడో గుడ్డు అప్పుడే లోపల్నుంచి చిట్లింది.