గేటు నుంచి కిటికీ దాకా

"ఇంకా పైకెత్తి విసరమ్మా! కిటికీ నీ నెత్తికన్నా చాలా ఎత్తున ఉంది, నలభై అయిదు డిగ్రీలు చాలవు!" అరిచాడు వ్యాయామం మాస్టారు.

బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర గుండక్క మళ్ళీ విసిరింది. రాయి గోడ సగానికి తగిలి కింద పడింది. మేనేజరు గది కిటికీ ఇంకా ఎక్కడో పైనుంది.

నీళ్ళు తాగడానికి లేచినా జీతం కోస్తుంటే ఆడవాళ్ళంతా పని ఆపి ఈ గేటు దగ్గరే కూర్చున్నారు. ఆ గొడవలో ఎవరో ఆ కిటికీ అద్దం పగలగొట్టారు. చూసినవాళ్ళు లేరు. కానీ గుండక్క బడిలో గుండు విసిరి కప్పు గెలిచిందిగా, ఆ పేరే మెడకు చుట్టుకుంది. ఇప్పుడు రాయి కిటికీ దాకా వెళ్ళిందా, ఉద్యోగం ఊడినట్టే. తేల్చమని ఊరి బడికి కొత్తగా వచ్చిన ఈ మాస్టారిని పిలిపించారు.

మాస్టారికి తలా తోకా అందడం లేదు. ఇంత పొడుగు మనిషి, ఇంత కండ. చెయ్యి విడిచాక రాయికి ఎవడూ సాయం చెయ్యడు. విడిచిన వేగం, విడిచిన కోణం, అంతే. కప్పు గెలిచిన మనిషికి రెండూ ఉండాలి. ఈమె చూస్తే అడుగు ఒకవైపు, చెయ్యి ఒకవైపు!

"నాటకం మాస్టారూ, నాటకం!" పళ్ళు కొరికాడు మేనేజరు.

"తమరొచ్చి విసరండి సారూ, మేమూ నేర్చుకుంటాం!" అంది గుంపులోంచి ఒకావిడ. అందరూ గొల్లుమన్నారు.

మాస్టారు దగ్గరికెళ్ళి చూశాడు. కుడి భుజం వణుకుతోంది. చెమట ధారగా కారుతోంది. బలం దాచుకునే మనిషికి ఇలా కారదు.

"నిజం చెప్పమ్మా, ఇంతేనా?"

"ఈ చేతికి ఇంతకన్నా రాదన్నయ్యా. ఒట్టు."

ఆ మాటలో అబద్ధం కనపడలేదు. మాస్టారు తల గోక్కున్నాడు.

"అందదండీ. ఈమె కాదు," అన్నాడు మేనేజరుతో.

ఈలలు, చప్పట్లు. మేనేజరు మొహం మాడ్చుకుని లోపలికి పోయాడు.

పై అంతస్తులో ఆ కిటికీ పక్కనే ఉన్న వరండాలోంచి ఓ పిల్ల కేకేసింది. "వదినా! నా సైకిల్ తాళంచెవి నీ దగ్గరే ఉండిపోయింది!"

"పట్టుకోవే మరదలా!"

సంబరంలో ఉన్న గుండక్క నడుస్తూ నడుస్తూనే విసిరింది. తాళంచెవి గాల్లో చక్కగా వంపు తిరిగి మరదలి దోసిట్లో పడింది.

మాస్టారు మేనేజరు గది వైపు రెండడుగులు వేశాడు. ఆగి, వెనక్కి తిరిగి ఇంటిదారి పట్టాడు.

విసిరింది ఎడమచేత్తో.